బ్లూ బుక్కు చివరి పేజీ

ఉగాదికి ఊళ్ళకు వెళ్ళిన పిల్లలు తిరిగి రాగానే మా కాలేజీలో మొదటి ఇంటర్నల్స్ జరిగాయి. మన వైపు ‘మిడ్’ అనేదాన్నే బెంగళూరు కాలేజీల్లో ఇంటర్నల్స్ అంటారు. జవాబులు రాసే పలుచటి నీలం అట్టల పుస్తకాన్ని బ్లూ బుక్ అంటారు. నేను నాలుగో సెమిస్టర్ వాళ్ళకు అల్గారిథమ్స్, అంటే కంప్యూటరుతో లెక్కలు చేయించే అంచెలంచెల పద్ధతులు చెబుతాను. మా సెక్షన్‌లో 64 మంది. వాళ్ళలో సగానికి పైగా తెలుగు పిల్లలే. అనంతపురం, చిత్తూరు, కర్నూలు, నెల్లూరు వైపు నుంచి వచ్చి కాలేజీ చుట్టుపక్కల పీజీ హాస్టళ్ళలో ఉంటున్నారు.

ఆ 64 పుస్తకాలూ దిద్ది తరగతిలో పంచాను. మరునాడు మదనపల్లె అమ్మాయి ఒకరు స్టాఫ్ రూముకు వచ్చింది. మార్కులు పెంచమని అడగడానికేమో అనుకున్నాను. ఆ అమ్మాయి అదేమీ అడగలేదు. బ్లూ బుక్కును వెనక్కి తిప్పి చివరి పేజీ నా ముందు పెట్టింది.

“మేడమ్, ఇది మీరు చూశారా?”

చూడలేదు. అది చిత్తుపని చేసుకున్న పేజీ. పైగా ఈ మూల నుంచి ఆ మూలకు గీత కొట్టేసి ఉంది. కొట్టేసినదాన్ని దిద్దక్కర్లేదన్నది మా అందరి అలవాటు.

ఆ పేజీలో ఏముందో చెప్పాలంటే ముందు ప్రశ్న చెప్పాలి. ఒక కల్యాణ మండపం ఉంది. ఒకే రోజుకు చాలామంది బుకింగు అడిగారు. ఒక్కొక్కరి కార్యక్రమం ఫలానా గంటకు మొదలై ఫలానా గంటకు ముగుస్తుంది. ఒకదాని మీద ఒకటి పడకుండా వీలైనన్ని ఎక్కువ కార్యక్రమాలకు మండపం ఇవ్వాలి. ఎలా ఎంచుకోవాలి? మీ పద్ధతి ఎప్పుడూ సరైన జవాబే ఇస్తుందని నిరూపించండి. పది మార్కులు.

ఈ ప్రశ్న వినగానే నూటికి ఎనభై మందికి తట్టే ఆలోచన ఒకటే. తక్కువ సేపు పట్టే కార్యక్రమాలను ముందు తీసుకుంటే ఎక్కువ పడతాయి కదా అని. ఆ అమ్మాయి కూడా అదే రాసింది. గుండ్రటి అక్షరాలతో ఒకటిన్నర పేజీ నింపి, చివర ‘హెన్స్ ప్రూవ్డ్’ అని పెట్టి, దాని కింద రెండు గీతలు గీసింది. ఆ పద్ధతి తప్పు. నేను పదికి రెండు వేశాను.

కొట్టేసిన చివరి పేజీలో పెన్సిల్‌తో గీసిన మూడు అడ్డగీతలున్నాయి. మొదటి గీత మీద 6 నుంచి 11. రెండో దాని మీద 10 నుంచి 1. మూడో దాని మీద 12 నుంచి 5. నడిమి గీత పక్కన చిన్న టిక్కు. అటూ ఇటూ ఉన్న రెంటి మీదా ఇంటూ గుర్తులు. కింద ‘1, 2’ అని రాసి వాటి మధ్య రెండు ప్రశ్నార్థకాలు.

అంటే పొద్దున ఆరింటి నుంచి పదకొండు దాకా ఒకరి నామకరణం, పది నుంచి ఒంటిగంట దాకా నిశ్చితార్థం, పన్నెండు నుంచి అయిదు దాకా సీమంతం అనుకోండి. అన్నిటికన్నా తక్కువ సేపు పట్టేది నిశ్చితార్థం. దానికి మండపం ఇచ్చేస్తే మిగతా రెండూ పోతాయి. ఆ ఒక్కదాన్ని వదులుకుంటే రెండు కార్యక్రమాలు జరుగుతాయి. తన పద్ధతి ఎక్కడ కూలిపోతుందో ఆ పిల్ల తానే కనిపెట్టింది. ఇంతకన్నా చిన్న ఉదాహరణ ఇవ్వడం ఎవరివల్లా కాదు.

“తప్పని తెలిసి కూడా ఎందుకు రాశావమ్మా?” అన్నాను.

“అప్పటికి పన్నెండు నిమిషాలే ఉన్నాయి మేడమ్. సరైన పద్ధతి తట్టలేదు. ఖాళీగా వదిలితే సున్నా వస్తుంది. నిండుగా రాస్తే రెండో మూడో పడతాయని రాశాను. ఇది మీకు కనబడితే అవి కూడా రావేమోనని కొట్టేశాను.”

పన్నెండేళ్ళుగా పాఠాలు చెబుతున్నాను. నా పరీక్ష గురించి ఇంత స్పష్టంగా ఎవరూ నాకు చెప్పలేదు. ఆ మూడు గంటల్లో ఆ అమ్మాయి చేసిన అసలైన ఆలోచన ఆ చిత్తుపేజీలోనే ఉంది. దాన్ని నా కంట పడకుండా దాచింది. తాను నమ్మనిదాన్ని అందంగా రాసి నాకు అప్పజెప్పింది. నేను ఆ రెండోదానికే మార్కులు వేశాను.

ఆ రోజు నుంచి నా మనసులో నలుగుతూ ఉన్న విషయం ఇది. మిడ్ పరీక్ష ఉండాలి. గంట కొట్టగానే అది ముగిసిపోకూడదు. దిద్దిన పుస్తకం వారంలోగా పిల్లల చేతికి రావాలి. అవే ప్రశ్నలు వాళ్ళకు హోంవర్కు కావాలి. ఇప్పుడు మనం ఇస్తున్న హోంవర్కు స్థానంలో అదే ఉండాలి.

మక్కీకి మక్కీ

హోంవర్కు సంగతి మొదట చెబుతాను. ఎందుకంటే పరీక్ష మీద ఎవరికి కోపం వచ్చినా వెంటనే చెప్పే మందు హోంవర్కుకు ఎక్కువ మార్కులు పెట్టడమే. నేనూ ఒక ఏడాది అలాగే చేశాను.

ఈ మండపం ప్రశ్నకు రెండు వారాల ముందే సరిగ్గా ఇలాంటిదే హోంవర్కుగా ఇచ్చాను. అక్కడ మండపానికి బదులు ఒక లెక్చర్ హాలు, కార్యక్రమాలకు బదులు తరగతులు. దాదాపు అందరూ సరిగ్గా రాశారు. ముందుగా ముగిసే తరగతిని ముందు తీసుకోవాలన్నారు. నిరూపణ కూడా రాశారు: అన్నిటికన్నా మంచి ఎంపిక ఒకటి తీసుకోండి, అందులోని మొదటి తరగతి మనం ఎంచుకున్న మొదటి తరగతి కన్నా ముందు ముగియదు, కాబట్టి దాన్ని తీసి మనదాన్ని పెట్టినా మిగతావాటికి అడ్డం రాదు, సంఖ్య తగ్గదు, తర్వాత మిగిలిన వాటితో ఇదే మాట మళ్ళీ చెప్పుకోవచ్చు. ముచ్చటైన వాదన. పరీక్షలో అదే ప్రశ్నకు అట్ట మార్చేసరికి పదిహేను మంది కూడా రాయలేకపోయారు.

హోంవర్కు కాగితాలు మళ్ళీ బయటికి తీసి చూశాను. ‘కంపాటిబుల్’ అనే మాటలో ఒకే అక్షరం ఇరవైకి పైగా కాగితాల్లో ఒకేలా తప్పు పడింది. ఒకరి దగ్గర మొదలైన తప్పు హాస్టలు గదులన్నీ తిరిగి నా బల్ల మీదికి చేరింది. మరికొన్నిటిలో అక్షర దోషం ఒక్కటి కూడా లేదు. ఇరవయ్యేళ్ళ పిల్లలు రాసే మాటలు కావవి. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చిన తర్వాత ఇలాంటివి పెరుగుతూనే ఉన్నాయి.

పిల్లలను తిట్టడానికి ఇది చెప్పడం లేదు. నేను చదువుకున్న రోజుల్లో మా కాలేజీలో అసైన్‌మెంటుకు ఐదు మార్కులుండేవి. ఇవ్వాల్సిన ముందు రాత్రి హాస్టలు వరండాలో ట్యూబులైటు కింద ఒక పుస్తకం మధ్యలో పెట్టుకుని ఎనిమిది మందిమి చుట్టూ కూర్చుని మక్కీకి మక్కీ దించేవాళ్ళం. మొదట ఎవరు రాశారో కూడా తెలిసేది కాదు. చదవడానికి వీల్లేని గీత ఒకటి వస్తే అది కూడా అలాగే గీసేవాళ్ళం. మాకప్పుడు చాట్‌జీపీటీ లేదు. ఆ ఐదు మార్కులు అలా రాసేవాటికే అని లెక్చరర్లకూ తెలుసు, మాకూ తెలుసు. ఎవరూ దాన్ని తప్పనుకోలేదు. హోంవర్కుకు మార్కు పెట్టిన క్షణం నుంచీ అది అప్పగించాల్సిన వస్తువు అయిపోతుంది. వస్తువు అయ్యాక ఎక్కడ చవగ్గా దొరికితే అక్కడ తెచ్చుకోవడం మనిషి సహజం.

మార్కు తీసేస్తే? అదీ చూశాను. ఒక సెమిస్టర్ ‘ఇవి మీ కోసం, మార్కుల్లేవు, కానీ పరీక్షలో ఇలాంటివే వస్తాయి’ అని పది ప్రశ్నలు ఇచ్చాను. రెండో వారానికి నలుగురు మిగిలారు. మిగతావాళ్ళకు ఆసక్తి లేదనను. నాలుగో సెమిస్టర్ పిల్లలకు వారానికి రెండు రికార్డులు, మూడు ల్యాబ్‌లు, మధ్యలో ఏవో సర్టిఫికెట్ కోర్సులు. మార్కు లేని పని వరసలో చివరికి పోతుంది. దాని వంతు ఎప్పటికీ రాదు.

నెలల తరబడి పట్టుకున్న ప్రశ్న

ఇంతా చెప్పి హోంవర్కు దండగ అంటున్నానా అంటే, లేదు. అల్గారిథమ్స్ అనే విషయం మొత్తం ఇంటికి తీసుకెళ్ళిన ప్రశ్నల మీదే పెరిగింది. నాకు అన్నిటికన్నా ఇష్టమైన కథ హఫ్‌మన్‌ది. 1951లో ఎంఐటీలో రాబర్ట్ ఫానో తన విద్యార్థులకు రెండు దారులు ఇచ్చాడు: చివరి పరీక్ష రాయండి, లేదా ఒక ప్రశ్న మీద వ్యాసం సమర్పించండి. ఆ ప్రశ్న అక్షరాలను సున్నాలు, ఒకట్లుగా వీలైనంత పొట్టిగా రాసే సంకేతం కనుక్కోవడం. దానికి అప్పటికి ఎవరి దగ్గరా పూర్తి జవాబు లేదని ఫానో చెప్పలేదు. ఆయనా, సమాచార సిద్ధాంతానికి పునాది వేసిన క్లాడ్ షానన్ కూడా దాని మీద పనిచేసినవాళ్ళే. వాళ్ళ పద్ధతి అన్నివేళలా అతి పొట్టి సంకేతం ఇవ్వదు. డేవిడ్ హఫ్‌మన్ నెలల తరబడి ఆ ప్రశ్నతో కుస్తీ పట్టి, ఇక లాభం లేదు, పరీక్షకే చదువుకుందామని కాగితాలు పారేయబోతున్నప్పుడు జవాబు తట్టింది. ఫానో పైనుంచి కిందికి విడగొడుతూ వచ్చాడు. హఫ్‌మన్ అన్నిటికన్నా తక్కువసార్లు వచ్చే రెండు అక్షరాలను ముందు కలిపి కింది నుంచి పైకి కట్టాడు. 1952లో అచ్చయిన ఆ పద్ధతి ఈ రోజు మనం పంపుకునే మామూలు జిప్ ఫైళ్ళలోనూ, జేపీఈజీ ఫోటోల్లోనూ ఉంది.

ఫానో దాన్ని మూడు గంటల పరీక్షలో పెట్టి ఉంటే హఫ్‌మన్ కూడా ఏదో ఒకటి నిండుగా రాసి వచ్చేవాడు.

1960లో మాస్కోలో జరిగింది కూడా అలాంటిదే. రెండు పెద్ద సంఖ్యలను గుణించడానికి మనం బడిలో నేర్చుకున్న పద్ధతి కన్నా మౌలికంగా వేగమైనది ఉండదని గణితంలో దిగ్గజమైన కొల్మొగొరొవ్ అంతటివాడు సెమినార్‌లో తన ఊహగా చెప్పాడు. అది విన్న 23 ఏళ్ళ కరత్సూబ వారం తిరక్కుండా అలాంటి పద్ధతి పట్టుకొచ్చాడు. సంఖ్యలను రెండు సగాలుగా విరిస్తే మామూలుగా నాలుగు చిన్న గుణకారాలు చేయాలి. ఆయన మూడింటితో సరిపెట్టాడు. ఇది నేను ప్రతి ఏడాదీ తరగతిలో చెబుతాను. చెబుతున్నప్పుడల్లా పిల్లల కళ్ళు మెరుస్తాయి. ఆ తర్వాత వాళ్ళ చేతికే మూడు గంటల కాగితం ఇచ్చి వారం పట్టే ఆలోచన అందులో చేయమంటాను.

ఈ రెండు కథల్లోనూ నన్ను పట్టి ఆపే అంశం ఒకటుంది. ఇద్దరికీ అంతకు ముందే ఆ ప్రశ్న తలకెక్కింది. ఫలానా దారిలో పోతే తప్పు అని తెలిసింది. ఆ తెలిసిన చోటు నుంచి వాళ్ళు బయలుదేరారు. మదనపల్లె అమ్మాయి ఆ పన్నెండు నిమిషాలు మిగిలినప్పుడు సరిగ్గా అక్కడే నిలబడి ఉంది. మూడు గీతలు గీసుకుని, ఒకటికీ రెండుకీ మధ్య ప్రశ్నార్థకాలు పెట్టుకుని. హోంవర్కు మొదలుపెట్టడానికి అంతకన్నా మంచి చోటు లేదు. మన పద్ధతిలో సరిగ్గా ఆ నిమిషంలో గంట కొట్టి పుస్తకం లాక్కుంటారు. తర్వాత కొత్త పాఠం, కొత్త హోంవర్కు.

అందుకే పరీక్ష ముందు, హోంవర్కు తర్వాత అంటున్నాను. పరీక్ష హాల్లో ఎవరి సాయమూ లేకుండా ఒక ప్రశ్నతో తలపడిన పిల్లవాడికి తన దారి ఎక్కడ ఆగిపోయిందో తెలుసు. ఆ ప్రశ్న వాడిది. దాని జవాబు పక్క గది నుంచి తెచ్చుకున్నా, ఫోనులో అడిగి తెచ్చుకున్నా, చదివేటప్పుడు ‘ఓహో, నేను ఇక్కడ పప్పులో కాలేశాను’ అని ఒక్క క్షణమైనా అనిపిస్తుంది. తలపడని ప్రశ్నకు తెచ్చుకున్న జవాబు అలా అనిపించదు.

నలభై అయిదు నిమిషాల వాదన

మా విభాగంలో ఒక సీనియర్ ఉన్నారు. హుబ్బళ్ళి ఆయన, నాకు పాఠం చెప్పడంలో చాలా మెళకువలు నేర్పినవారు. ఆయనకు నా మాట నచ్చలేదు. ఆయన అన్నది ఇది: ఈ ఊళ్ళో ఏ కంపెనీకి వెళ్ళినా రెండు ప్రశ్నలిచ్చి నలభై అయిదు నిమిషాల్లో రాయమంటారు. అక్కడ ‘నాకు వారం టైమివ్వండి, మళ్ళీ రాసి తెస్తాను’ అంటే కుదరదు. పిల్లల్ని ఆ నలభై అయిదు నిమిషాలకు తయారు చేయకపోతే వాళ్ళకు అన్యాయం చేసినట్టు.

ఇందులో నిజం ఉంది. అప్పు చేసి పిల్లను బెంగళూరు పంపిన తండ్రి ముందు నిలబడి ఇది అబద్ధమని నేను చెప్పలేను. గడియారం పెట్టుకుని ఆలోచించడం కూడా ఒక నేర్పే. చాట్‌జీపీటీ వచ్చాక పిల్లలకు సొంతంగా ఏమి తెలుసో చూడగలిగిన చోటు పరీక్ష హాలు ఒక్కటే మిగిలింది. మిడ్ ఎత్తేయమనే వాళ్ళతో నేను కలవను.

అయితే గడియారం మంచి ఆలోచనకు కొలమానం అని ఆయన అంటే మాత్రం ఒప్పుకోను. బైనరీ సెర్చ్‌నే తీసుకోండి. నిఘంటువులో మాట వెతికినట్టు సగానికి సగం తెంచుకుంటూ పోవడం. మా మొదటి వారం పాఠం. దాన్ని గురించి మొదట అచ్చయింది 1946లో. ఏ పొడవు పట్టికకైనా తప్పు లేకుండా పనిచేసే రూపం అచ్చవడానికి 1960 దాకా పట్టింది. అంతటితోనూ అయిపోలేదు. జావా అనే ప్రోగ్రామింగ్ భాషతో వచ్చే బైనరీ సెర్చ్‌లో ఒక తప్పు దాదాపు తొమ్మిదేళ్ళు దాగి ఉండి 2006లో బయటపడింది. నడిమి స్థానం కనుక్కోవడానికి ఎడమ హద్దునూ కుడి హద్దునూ కలిపి రెండుతో భాగిస్తారు. పట్టికలో వంద కోట్లకు పైబడి అంశాలుంటే ఆ మొత్తం అక్కడ పూర్ణసంఖ్యకున్న పై హద్దు 2,147,483,647 దాటిపోయి రుణసంఖ్య అవుతుంది. ఇరవై వరసలు లేని ప్రోగ్రాము అది. ఆ తప్పును బయటపెట్టిన వ్యక్తి దాన్ని రాసిన జాషువా బ్లాకే. తాను రాసినదాన్ని చూపించి, ఇక్కడ తప్పు చేశానని లోకానికంతా చెప్పాడు.

ఇది చెప్పినప్పుడు మా సీనియర్ కాసేపు ఊరుకుని, “అలాంటివాళ్ళు కూడా ముందు నలభై అయిదు నిమిషాలు దాటుకునే ఉద్యోగంలో చేరి ఉంటారు” అన్నారు. దానికి నా దగ్గర జవాబు లేదు. నేను కోరేది కూడా ఆ నలభై అయిదు నిమిషాలు తీసేయమని కాదు. వాటి తర్వాత ఇంకో వారం చేర్చమని.

లెక్క చూసుకుంటే

చేర్చడం మాటల్లో చెప్పినంత తేలిక కాదు. పరీక్ష మార్కులు మార్చడానికి నిబంధనలు ఒప్పుకోవు. ఒకసారి ఎక్కించాక అంతే. అసైన్‌మెంటు ఖాతాలో పది మార్కులు మాత్రం మా చేతుల్లో ఉంటాయి. ఆ పదినీ ఈ సెమిస్టర్ ఈ పనికి మళ్ళించాను. బ్లూ బుక్కు తీసుకున్నవాళ్ళు వారంలోగా తాము పోగొట్టుకున్న ప్రశ్నల్లో ఒకదాన్ని ఎంచుకుని మళ్ళీ రాయాలి. జవాబుకు ముందు ఒక పేరా తప్పనిసరి: పరీక్షలో నేను ఏమనుకున్నాను, అది ఎక్కడ తప్పింది, తప్పని చూపే అతి చిన్న ఉదాహరణ ఏది. ఆ తర్వాత నా దగ్గర కూర్చుని ఆరు నిమిషాలు మాట్లాడాలి. స్నేహితులను అడగొచ్చు, ఫోనును అడగొచ్చు. ఆ ఆరు నిమిషాలు మాత్రం ఒక్కరే రావాలి.

64 మందికి ఆరేసి నిమిషాలంటే 384 నిమిషాలు. ఆరున్నర గంటల లోపే. వినడానికి చిన్న సంఖ్య. ల్యాబ్ గంటల్లో బ్యాచ్‌ల వారీగా పిలుస్తూ పోతే నాకు రెండు వారాలు పట్టింది. కొందరికి ఆరు నిమిషాలు పదిహేను అయ్యాయి. ఒక రోజు గొంతు పోయింది. నాలాగా ఒకే సెక్షన్ ఉన్నవాళ్ళకు ఇది సాగుతుంది. మూడు సెక్షన్లు నెత్తిన వేసుకుని, పైగా అడ్మిషన్ల పని కూడా చేసే లెక్చరర్లు ఈ ఊళ్ళో వందలమంది ఉన్నారు. వాళ్ళను నువ్వెందుకు చేయవని అడిగే హక్కు నాకు లేదు. ఇదే నా వాదనలో అన్నిటికన్నా బలహీనమైన చోటు. అది నాకు తెలుసు.

మోసం ఆగిందా? పూర్తిగా ఆగలేదు. ఒక అబ్బాయి నిరూపణ గడగడా అప్పజెప్పాడు. “సరే, ఇందులో ‘ముందు ముగియదు’ అన్నావు. ముందు మొదలవ్వదు అంటే ఏమవుతుంది?” అని అడిగాను. నోట మాట రాలేదు. తర్వాతి వారం మళ్ళీ రమ్మన్నాను. వచ్చాడు. ఈసారి కాగితం తేలేదు. సుద్దముక్క తీసుకుని బోర్డు మీద పొద్దున్నే మొదలై రాత్రిదాకా సాగే ఒక పెద్ద గీత గీసి, దాని కింద నాలుగు పొట్టి గీతలు గీశాడు. “ముందు మొదలయ్యేదాన్ని తీసుకుంటే ఈ నాలుగూ పోతాయి మేడమ్” అన్నాడు. ఆ గీతలు గీసేటప్పుడు వాడి చెయ్యి తడబడలేదు.

నాకు ఇబ్బంది కలిగించిన ప్రశ్న ఇంకో వైపు నుంచి వచ్చింది. గుంటూరు అబ్బాయి ఒకడు పరీక్షలో ముప్పైకి ఇరవై ఎనిమిది తెచ్చుకున్నాడు. మండపం ప్రశ్న పూర్తిగా రాసిన కొద్దిమందిలో ఒకడు. అలాంటివాళ్ళకు అదే ప్రశ్నను కాస్త మార్చి ఇచ్చాను. ఒక్కో కార్యక్రమానికి ఒక్కో అద్దె. సంఖ్యతో పనిలేదు, మొత్తం అద్దె వీలైనంత ఎక్కువ రావాలి. అప్పుడు ముందు ముగిసేదాన్ని ముందు తీసుకునే పద్ధతి పనికి రాదు. నామకరణానికీ సీమంతానికీ పదేసి వేలు, నడిమి నిశ్చితార్థానికి యాభై వేలు ఇస్తామంటే, రెండింటిని వదులుకుని ఆ ఒక్కదానికే ఇవ్వడం లాభం. డైనమిక్ ప్రోగ్రామింగ్ వైపు, అంటే పెద్ద ప్రశ్నను చిన్న ప్రశ్నలుగా విడగొట్టి వాటి జవాబులు దాచుకుంటూ పెద్దదానికి జవాబు కట్టే పద్ధతి వైపు వెళ్ళాలి. అది మేమింకా తరగతిలో మొదలుపెట్టలేదు.

ఆ అబ్బాయి మొహం ముడుచుకుని అన్నాడు: “మేడమ్, తప్పు రాసినవాళ్ళకు అదే ప్రశ్న, సరిగ్గా రాసిన నాకు కష్టమైన ప్రశ్నా? పది మార్కులు మాత్రం అందరికీ ఒకటేనా?”

న్యాయమైన మాట. ‘నీకు ఎక్కువ వస్తుంది కదా’ లాంటి జవాబులు నోటిదాకా వచ్చాయి. మార్కుల కోసం వచ్చిన పిల్లవాడికి అవి జవాబులు కావు. చివరికి, రాయకపోయినా పది వేస్తానని చెప్పాను. ప్రయత్నించి ఎక్కడ ఆగావో రాస్తే చాలన్నాను. మూడు రోజుల తర్వాత నాలుగు పేజీలు తెచ్చాడు. అందులో మూడున్నర పేజీలు పనిచేయని ప్రయత్నాలు. ప్రతిదాని కిందా ఎందుకు పనిచేయలేదో ఒక గీతల బొమ్మ. చివరి అర పేజీలో ‘చివరి కార్యక్రమాన్ని తీసుకుంటే ఎంత, వదిలేస్తే ఎంత, రెంటిలో ఏది ఎక్కువ’ అని ఒక్క వాక్యం. ఆ పిల్లవాడు డైనమిక్ ప్రోగ్రామింగ్ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఆ పేరు తనకింకా తెలియదు. పాఠం మొదలుపెట్టిన రోజు ఆ అర పేజీనే బోర్డు మీద రాశాను. అయినా అతని ప్రశ్నకు నేను సరైన జవాబు ఇచ్చానని ఇప్పటికీ అనుకోవడం లేదు.

నాకు తెలియదు అని రాయడం

మళ్ళీ మదనపల్లె అమ్మాయి దగ్గరికి వస్తాను. తను చేసింది మామూలు పని. ఎప్పటి నుంచో పిల్లలందరూ చేస్తున్నదే. పేజీలు నింపితే మార్కులు వస్తాయని ఇంటర్‌లో ఎవరో చెబుతారు. అక్కడి నుంచి అది తలలో పాతుకుపోతుంది. నేనూ అలాగే రాశాను. మా కాలేజీలో మిడ్ మార్కులు నోటీసు బోర్డులో అంటించేవారు. పేపరు మాత్రం కంటికి కనబడేది కాదు. ఒకసారి నాకు ఇరవైకి పదకొండు వచ్చాయి. మిగతా తొమ్మిది ఎక్కడ పోయాయో నాకు ఈ రోజుకీ తెలియదు. బాగానే రాశానని అప్పుడు అనుకున్నాను. బహుశా ఏదో ఒక గ్రాఫు ప్రశ్నలో నేను తప్పుగా అర్థం చేసుకున్న మాట ఒకటి ఉండి ఉంటుంది. ఎన్నేళ్ళు దాన్ని అలాగే మోశానో, ఎంతమందికి అలాగే చెప్పానో.

అమెరికాలో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో అల్గారిథమ్స్ కోర్సులో ఏళ్ళ తరబడి ఒక నియమం నడిచింది. జవాబు తెలియకపోతే ‘నాకు తెలియదు’ అని మాత్రమే రాస్తే ఆ ప్రశ్నకు 25 శాతం మార్కులు. తప్పును నిండుగా రాస్తే అవీ రావు. మొదట విన్నప్పుడు నాకు వింతగా అనిపించింది. ఇప్పుడు అలా అనిపించడం లేదు. తెలియదని తెలుసుకోవడానికి కొంత తెలిసి ఉండాలి. దానికో విలువ కట్టారు. నేను దాన్ని కొద్దిగా మార్చుకున్నాను. వట్టి ‘తెలియదు’కు మార్కులివ్వను. ‘నాకు తట్టింది ఇది, ఇది తప్పు, ఎందుకంటే ఇదిగో ఉదాహరణ’ అని రాస్తే పదికి అయిదు ఇస్తానని రెండో ఇంటర్నల్స్‌కు ముందే తరగతిలో ప్రకటించాను. బోర్డు మీద రాసి ఫోటో తీసుకోమన్నాను. చిత్తుపేజీలు కొట్టేయవద్దన్నాను.

ఆ అమ్మాయికి ఏమైందంటే, ఆ సాయంత్రం స్టాఫ్ రూములోనే నా పక్కన కుర్చీ వేసి కూర్చోబెట్టాను. ఆ మూడు గీతలనే మళ్ళీ గీయమన్నాను. సరైన పద్ధతి నేను చెప్పలేదు. “నిశ్చితార్థం తీసుకుంటే తప్పన్నావు. నామకరణం ఎందుకు మంచిది?” అని మాత్రం అడిగాను. “అది తొందరగా ఖాళీ చేస్తుంది” అంది. ఆ మాట తన నోట వచ్చాక కాసేపు పెన్సిలు ఆపింది. తర్వాత ఏమీ మాట్లాడకుండా మరో పది గీతలు గీసి, ఒక్కొక్కటీ కొట్టేస్తూ చూసుకుంది. హోంవర్కులో తను అచ్చంగా దించిన నిరూపణ ఇదేనని తనకు గుర్తు కూడా రాలేదు. నేనూ గుర్తు చేయలేదు. ఆరున్నరకు పీజీలో భోజనం టైము అవుతోందని లేచింది. నీలం పుస్తకం సంచిలో పెట్టుకుంది.

రెండో ఇంటర్నల్స్ పోయిన శుక్రవారం అయ్యాయి. ఈ పూట దాకా 51 పుస్తకాలు దిద్దాను. తొమ్మిది మంది ‘ఇది తప్పు’ అని తమ జవాబు కింద తామే రాసి, బొమ్మ గీశారు. వాళ్ళలో ఇద్దరు తప్పని చూపిన ఉదాహరణే తప్పు. దానికి ఎన్ని మార్కులు వేయాలో ఇంకా తేల్చుకోలేదు. ఇంకా పదమూడు పుస్తకాలున్నాయి. గురువారం ఉదయం తొమ్మిదింటి తరగతిలో పంచాలి.